మూడో ఇంజిన్‌కి నేలవేము

రచన కార్‌లో ఉన్నది మూడో ఇంజిన్. మొదటిది కార్ కొన్నప్పుడే సగం చచ్చి ఉంది. రెండోది కిందటి ఆగస్టులో, హైవే మీద, మిట్టమధ్యాహ్నం ఎండలో "టక్" అని ఒక్క చప్పుడు చేసి పోయింది, అంతే, ఏ హడావిడీ లేదు, టో ట్రక్ వచ్చి కార్‌ని ఆష్‌బర్న్‌లో ఇంటి ముందు దింపి వెళ్ళింది. ఆ సాయంత్రం వంటింట్లో రచన తన భర్త శ్రీరామ్‌తో, ఎవరూ అడక్కుండానే, "మూడోది గూడ పోతే కార్ అమ్మేస్త, ఒట్టు" అంది. శ్రీరామ్ ఉల్లిపాయలు తరుగుతూ "సరే" అన్నాడు. అతను ఒట్లు వేయించుకునే మనిషి కాదు. వేసిన ఒట్టుని మరిచిపోయే మనిషీ కాదు.

కాబట్టి ఈ జూన్ నాటికి లెక్క చాలా సింపుల్. మూడో ఇంజిన్ ఉంటే కార్ ఉంటుంది, అది పోతే కార్ పోతుంది.

కార్ 1993 నాటి మాజ్దా ఆర్ఎక్స్-7, ఎర్రది, రచన కంటే రెండేళ్ళు పెద్దది. దాని ఇంజిన్ రోటరీ. మామూలు ఇంజిన్లలో పిస్టన్లు పైకీ కిందకీ ఊగుతుంటాయి, ఇందులో అసలు పిస్టన్లే లేవు. సమోసా ఆకారంలో ఉన్న రెండు ఇనప దిమ్మలు, వాటినే రోటర్లంటారు, ఒకదాని వెనక ఒకటి, తమ తమ గదుల్లో గిరగిరా తిరుగుతుంటాయి. ఒక్కో సమోసాకి మూడు మూలలు, ఒక్కో మూలకి అగ్గిపుల్లంత మందం ఉన్న ఒక ఇనప పట్టీ, అదే సీల్. గోడలకి ఒరుసుకుంటూ గాలిని బయటికి పోనివ్వకుండా కాపు కాసేవి ఆ పట్టీలే. టర్బో ఏం చేస్తుందంటే గాలిని బలవంతంగా లోపలికి కుక్కుతుంది. కుక్కిన గాలి వేడెక్కుతుంది, మరీ వేడెక్కితే పెట్రోలు స్పార్క్ పడకముందే ఎక్కడంటే అక్కడ పేలుతుంది, దాన్నే నాక్ అంటారు. పిస్టన్ ఇంజిన్ అలాంటి దెబ్బలు పది ఓర్చుకుంటుంది. రోటరీకి ఒక్కటి గట్టిగా తగిలితే చాలు, పట్టీ పుటుక్కుమంటుంది, ఇంజిన్ మొత్తం విప్పుకోవాలి.

అందుకే నీళ్ళు. నీళ్ళు సగం, మెథనాల్ అనే ఆల్కహాల్ సగం కలిపి, ఆ కలిపినదాన్ని సన్నటి నాజిల్‌లోంచి పొగమంచులా గాలిదారిలోకి చిమ్మితే గాలి చల్లబడుతుంది. నీళ్ళు ఆవిరవుతూ వేడిని మింగేస్తాయి, మెథనాల్ ఇంకా తొందరగా ఆవిరవుతుంది, పైగా అది కూడా మండేదే కాబట్టి ఇంజిన్‌కి కాస్త అదనపు ఇంధనం. డెబ్భై ఎనభై ఏళ్ళ కిందట యుద్ధ విమానాలకి వాడిన కిటుకే ఇది! రచనకి ఇది వింతగా ఏమీ అనిపించలేదు. ఆమె ఉద్యోగం డేటా సెంటర్‌లో కూలింగ్ సిస్టమ్స్ చూడటం, పొద్దున లేస్తే సాయంత్రం దాకా నీళ్ళతో వేడిని బయటికి పంపించే పనే. నాలుగు వీకెండ్లు గరాజ్‌లో కూర్చుని కిట్ మొత్తం తనే బిగించుకుంది. డిక్కీలో ట్యాంక్, దాని కింద పంప్, ముందు దాకా సన్నటి గొట్టం, చివర్న నాజిల్. నిమిషానికి ఎంత నీళ్ళు పోతున్నాయో చూపించడానికి డ్యాష్‌బోర్డ్ మీద చిన్న స్క్రీన్. నీళ్ళు తగ్గితే టర్బో ఒత్తిడిని దానంతట అదే కోసేసే ఫెయిల్‌సేఫ్ కూడా పెట్టింది. అది మొదట్లో ఊరికే ఊరికే కోసేస్తుంటే విసుగొచ్చి, ప్రవాహం సగానికి పడిపోతే తప్ప పలకొద్దని సెట్టింగ్ మార్చేసింది. తర్వాత సరిచేద్దాం అనుకుంది.

మనాసస్‌లో మాయ అనే అమ్మాయికి ట్యూనింగ్ షాప్ ఉంది. హెర్న్‌డన్‌లో పుట్టి పెరిగిన తెలుగమ్మాయి, ఆ చుట్టుపక్కల రోటరీ తెలిసిన ట్యూనర్ తనొక్కతే. ఆమె దగ్గర డైనో ఉంది, అంటే కార్‌ని కదలకుండా కట్టేసి చక్రాల కింద రోలర్లు తిప్పించి ఎంత బలం వస్తోందో కొలిచే మెషీన్. స్లాట్ దొరకడమే గగనం. శనివారం పదకొండింటికి దొరికింది, అది కూడా ఎవరో క్యాన్సిల్ చేసుకుంటే. దాని తర్వాత మళ్ళీ ఆగస్టు చివర్లోనే.

శుక్రవారం సాయంత్రం ఆఫీస్ నుంచి వచ్చి, బట్టలు కూడా మార్చుకోకుండా గరాజ్‌లోకి వెళ్ళి మెథనాల్ డబ్బా చూసింది రచన. ఐదు గాలన్ల తెల్ల ప్లాస్టిక్ డబ్బా. వెనక ఎండ పడుతోంది. లోపలున్నది పచ్చగా మెరుస్తోంది. మెథనాల్‌కి రంగుండదు.

"అత్తయ్యా!"

అత్తగారు నళిని వంటింటి తలుపు దగ్గరికొచ్చి నిలబడింది. ఏప్రిల్‌లో కాకినాడ నుంచి ఆరు నెలలకని వచ్చింది. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఎక్సైజ్ వాళ్ళ ల్యాబ్‌లో సారా శాంపిళ్ళు పరీక్షించి రిటైరైన మనిషి.

"ఈ డబ్బా ఎవరు ముట్టుకున్నరు?"

"నేనే. ఎందుకూ?"

"పచ్చగ ఎందుకున్నది?"

"పసుపేస్తే పచ్చగా కాక నల్లగా ఉంటుందా?"

రచన డబ్బా మూత విప్పి లోపలికి చూసింది. "పసుపు వేసిన్రా? మెథనాల్‌ల?"

"పసుపూ, నేలవేమూ. పసుపు రంగు కంటికి, నేలవేము చేదు నాలిక్కి." నళిని చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని రెండు మెట్లు దిగింది. "బుధవారం ఏమైందో తెలుసా నీకు? ఆద్య ఇక్కడికొచ్చి ఈ డబ్బా ఎక్కి కూచుంది. మూత మీద చెయ్యేసి తిప్పుతోంది. నాలుగేళ్ళ పిల్ల! నువ్వు ఆఫీసులో, వాడు పైన మీటింగులో. నేను చూశాను కాబట్టి సరిపోయింది."

"గరాజ్ లాక్ చేసే పోయిన గదా."

"బటన్ నొక్కితే తెరుచుకునే తలుపుకి లాకేంటమ్మా! ఇది మిథైల్ ఆల్కహాలు. చూస్తే నీళ్ళు, తాగితే రెండు గుక్కలు చాలు, ముందు కళ్ళు పోతాయి. మా ల్యాబుకి ఒకసారి ఒకే ఊరినించి పదకొండు సీసాలొచ్చాయి, పదకొండూ నీళ్ళలాగే ఉన్నాయి. అప్పట్నించీ నాకు రంగులేని స్పిరిట్ చూస్తే ఒళ్ళు మండుతుంది. మా దగ్గర ఫ్యాక్టరీలకి వెళ్ళే స్పిరిట్‌కి రంగో కంపో చేదో కలపందే గోడౌన్ దాటనిచ్చేవాళ్ళు కాదు. ఇల్లు మాత్రం గోడౌన్ కంటే తీసికట్టా?"

"నాకొక ఫోన్ చేస్తే తీసి షెడ్‌ల పెడుదును గదా."

"చేస్తే నువ్వొద్దంటావు."

అది నిజమే. కూతురు డబ్బా మీద కూర్చున్న సంగతి మింగుడుపడటానికి ఆమెకి ఓ నిమిషం పట్టింది. ఆ తర్వాత మళ్ళీ కార్ గుర్తొచ్చింది.

"పొడి అట్లనే పోసిన్రా లోపలికి?"

నళిని ముఖం చూస్తే ఆ ప్రశ్నకి ఆమె నొచ్చుకుందని తెలుస్తోంది. "పొడి పొయ్యడానికి నేనేమన్నా చారు పెడుతున్నానా? గాజు సీసాలో ఒక లీటరు మిథైల్ తీసి, రెండు కప్పుల పసుపూ, నా షుగర్‌కని తెచ్చుకున్న నేలవేము పొడి సగం డబ్బా, రాత్రంతా నానబెట్టాను. పొద్దున్నే మీ కాఫీ ఫిల్టర్ కాగితాల్లో రెండుసార్లు వడకట్టాను. పిప్పి అంతా పైనే ఉండిపోయింది. అడుగుకి దిగిన అర్కాన్నే ఇందులో పోశాను. తళతళలాడుతోంది చూడు, గింజంత నలుసుంటే అడుగు."

అప్పుడు శ్రీరామ్ వచ్చాడు, చేతిలో ఆద్య వాటర్ బాటిల్. సంగతి విని ముందు నవ్వాడు, రచన ముఖం చూసి ఆపేశాడు.

"పోస్ట్‌పోన్ చెయ్యొచ్చుగా?"

"ఆగస్ట్ దాకా లేదు స్లాట్."

"వేరే మెథనాల్ కొను."

"రేసింగ్ ఫ్యూయల్ షాప్ సోమవారం దాకా బంద్. లాంగ్ వీకెండ్."

"ఉత్త నీళ్ళతో లాగించలేవా?"

"మాయ ఇంజిన్ సెట్టింగుల మ్యాప్ యాభై శాతం మెథనాల్‌కి చేసింది. అది తీసేస్తే అంతా మొదటికొస్తది."

"అయితే ఆగస్టే," అన్నాడు శ్రీరామ్. "కారెక్కడికీ పారిపోదు."

కార్ పారిపోదు, నిజమే. కానీ రచన నాలుగు వీకెండ్ల నుంచి నాలుగు వందల హార్స్‌పవర్ అన్న అంకెని నిద్రలో కూడా చూస్తోంది. అది తెలిసిన మనుషులకే తెలుస్తుంది, ఆ అంకె మూడు వందల తొంభై కాదు, నాలుగు వందలు. ఆమె గరాజ్‌లో ఒక్కతే కూర్చుని పద్ధతిగా ఆలోచించింది, తనకి అలాగే అనిపించింది. గాజు గ్లాస్‌లో పచ్చ మెథనాల్ కొంచెం పోసి లైట్‌కి అడ్డంగా పెట్టి చూసింది. అద్దంలా ఉంది. కొత్త కాఫీ ఫిల్టర్‌లో పోసి వడకట్టింది. కాగితం పచ్చబడిందే తప్ప మీద ఒక్క రేణువు మిగల్లేదు. ఒక చుక్క స్టీల్ ప్లేట్ మీద వేసి ఆరనిచ్చింది, పల్చటి పచ్చ మరక, గోరుతో గీకితే గీక్కొచ్చేంత మందం కూడా లేదు. అద్దాలు కడిగే నీలం నీళ్ళు పోసుకుని ఇవే కిట్లు నడిపించేవాళ్ళు బోలెడుమంది ఉన్నారు, రంగు వల్ల వాళ్ళకెవరికీ ఏమీ కాలేదు. రంగు రంగే, అనుకుంది.

"పనికొస్తుందా?" అని నళిని తలుపు దగ్గర్నుంచి అడిగింది. ఈసారి గొంతు కాస్త తగ్గింది.

"వస్తది. మంచిగనే వడకట్టిన్రు."

"రేపు నేనూ వస్తాను. ఇంత స్పిరిట్ ఎక్కడికెళ్తోందో నేను చూడాలి."

"అక్కడ మస్తు సౌండ్ ఉంటది అత్తయ్యా."

"కాకినాడ పోర్టు రోడ్డు మీద కాపురం చేశాను. పద."

శనివారం శ్రీరామ్ ఆద్యని స్విమ్మింగ్ క్లాస్‌కి తీసుకెళ్ళాడు, వీళ్ళిద్దరూ మనాసస్ వెళ్ళారు. దారంతా రచన టర్బో పలక్కుండా నెమ్మదిగా నడిపింది. నళినికి నేలకి ఆనేటట్టున్న సీట్లో చీరతో సర్దుకోవడానికి రెండు సిగ్నళ్ళు పట్టింది, సర్దుకున్నాక "ఇందులోంచి దిగడం ఎలాగో కూడా నేర్పించు" అంది.

మాయ షాప్ ఒక వేర్‌హౌస్ వరసలో చివరిది. మాయ పొట్టిగా ఉంటుంది, చెవుల మీద ఎప్పుడూ పెద్ద ఇయర్ మఫ్స్. "హాయ్ ఆంటీ! మీరు గ్లాస్ రూమ్‌లో కూర్చో, ఓకే? ఇక్కడ సేఫ్ కాదు," అంది.

"కూర్చుంటానమ్మా. ఎవరి పిల్లవి నువ్వు?"

"మా డాడ్ తెనాలి. మామ్... సమ్‌వేర్ నియర్ తెనాలి."

నళిని సంతృప్తిపడింది. గాజు గదిలోకి వెళ్ళి కుర్చీలో కూర్చుంది.

కార్‌ని రోలర్ల మీదికి ఎక్కించి బెల్టులతో నాలుగు వైపులా కట్టారు. రచన గ్లవ్స్ వేసుకుని, తలుపు దగ్గరున్న బెంచీ మీద పెద్ద పారదర్శకపు జగ్‌లో ఒక గాలన్ డిస్టిల్డ్ వాటర్, ఒక గాలన్ పచ్చ మెథనాల్ కలిపింది. కలుపుతూనే జగ్ వెచ్చబడింది, లోపల తెల్లటి మసక కమ్మింది. అది ఆమె ఎరిగిందే. నీళ్ళూ మెథనాలూ కలిస్తే వేడి పుడుతుంది, కరిగి ఉన్న గాలి సన్నటి బుడగలై లేస్తుంది, రెండు నిమిషాల్లో తేరుకుంటుంది. ప్రతిసారీ అంతే. రెండు నిమిషాలు ఆగే ఓపిక ఆ రోజు లేదు. ముప్పాతిక వంతు ట్యాంక్‌లో పోసేసి, మిగిలినది జగ్‌లోనే బెంచీ మీద వదిలేసింది.

"అది యెల్లో ఎందుకు ఉంది?" అంది మాయ.

"మా అత్తయ్య పసుపు కలిపిన్రు."

"షటప్."

"నిజం. ఫిల్టర్ చేసిన్రు, ఏం కాదు."

మాయ తల ఊపింది, నమ్మిందో లేదో తెలియదు. "యువర్ ఇంజిన్," అంది.

రచన డ్రైవింగ్ సీట్లో, మాయ లాప్‌టాప్‌తో కిటికీ పక్కన, ఇద్దరికీ హెడ్‌సెట్లు. డైనో మీద కార్‌ని కింద నుంచి పైదాకా ఒక్కసారి ఫుల్‌గా తొక్కడాన్ని పుల్ అంటారు. మొదటి పుల్ తక్కువ ఒత్తిడి, అంటే తక్కువ బూస్ట్ మీద. రోటరీ అరుపు మామూలు ఇంజిన్ అరుపు కాదు, గుడ్డ చింపుతున్నట్టు మొదలై, పెద్ద తుమ్మెద ఒకటి చెవిలో దూరినట్టు పైకి పైకి పోతుంది, ఎక్కడా ఆగదు. మూడు వందల పద్దెనిమిది హార్స్‌పవర్. స్క్రీన్ మీద నీళ్ళు నిమిషానికి ఐదు వందల పది మిల్లీలీటర్లు. నాక్ సున్నా.

రెండో పుల్, ఒత్తిడి పెంచి. మూడు వందల అరవై నాలుగు.

"ఫ్లో కొంచెం డౌన్ ఉంది," అంది మాయ. "ఫోర్ సిక్స్‌టీ."

"లైన్‌ల గాలి బుడగ ఉంటది."

"నాజిల్ చెక్ చేద్దామా?"

చెక్ చేయడమంటే ఇంజిన్ చల్లారాలి, అరగంట. పన్నెండున్నరకి వేరేవాళ్ళ కార్ ఉంది. మూడో పుల్ ఉండదు. రచన గాజు గది వైపు చూసింది, అత్తగారి కుర్చీ ఖాళీగా ఉంది, బాత్రూమ్‌కి వెళ్ళి ఉంటుంది అనుకుంది.

"ఇంకొకటి చేద్దాం. దీన్ల ఆగితే రాత్రంత నిద్ర పట్టదు నాకు."

"యూ షూర్?"

"పెట్టు ఫుల్ బూస్ట్."

మూడో పుల్ మొదలైంది. మాయ గొంతు హెడ్‌సెట్‌లో అంకెలు చదువుతోంది, త్రీ ట్వంటీ, త్రీ ఫిఫ్టీ, త్రీ సెవెంటీ. స్క్రీన్ మీద నీళ్ళు నాలుగు వందల నలభై, నాలుగు వందలు, మూడు వందల అరవై. రెండు అంకెలూ రచనకి కనపడుతూనే ఉన్నాయి, ఒకటి ఎక్కుతోంది, ఒకటి దిగుతోంది. ఫెయిల్‌సేఫ్ పలకదు, అది రెండు వందల యాభై దాకా దిగితే గానీ పలకొద్దని తనే చెప్పింది. త్రీ ఎయిటీ ఫైవ్. ఇంకో రెండు క్షణాలు. కాలు పెడల్ మీద అతుక్కుపోయి ఉంది.

అప్పుడు విండ్‌షీల్డ్ అవతల, లోపలికి రాకూడదని పసుపు గీత గీసి ఉన్న చోట, నళిని కనపడింది. రెండు చేతులతో జగ్‌ని తలకంటే ఎత్తుగా, ట్యూబ్‌లైట్‌కి ఎదురుగా పట్టుకుని నిలబడి ఉంది. అరవడం లేదు, చెయ్యి ఊపడం లేదు. ఊరికే పట్టుకుని చూపిస్తోంది. జగ్‌లో మజ్జిగలా చిక్కగా, పచ్చగా ఉంది, అడుగున ఒక వేలు మందాన ముద్ద.

రచన కాలు తీసేసింది.

చప్పుడు జారిపోయింది. రోలర్లు చాలాసేపు తిరిగి ఆగాయి. మాయ లాప్‌టాప్‌లోంచి తల ఎత్తలేదు.

"మాయా, నాక్ ఎంత?"

"టూ."

"చిన్నవా?"

"ఒకటి చిన్నది. ఒకటి కాదు."

నళిని గీత దాటి వచ్చింది. చెవుల్లో రెండు వేళ్ళూ పెట్టుకుందామంటే చేతిలో జగ్. "బెంచీ మీద చూశాను. తేరుకుంటుందేమో అని చూస్తున్నా, తేరుకోదే! అప్పుడు తట్టింది. నువ్వు దీన్లో నీళ్ళు కలుపుతావా?"

"సగం నీళ్ళే అత్తయ్యా. పేరే వాటర్ మెథనాల్."

"నాకు చెప్పలేదు. నీళ్ళు వేరే ట్యాంకులో పోస్తావనుకున్నా. స్పిరిట్‌లో కరిగింది నీళ్ళు పడితే విరిగిపోతుంది, జిగురంతా బయటికొచ్చేస్తుంది! ఆ సంగతి నాకు తెలియనిదా? ముప్ఫై ఒక్క ఏళ్ళు..." మాట పూర్తి చెయ్యలేదు. జగ్‌ని నేల మీద పెట్టింది.

రచన కూడా ఒక సంగతి అప్పుడే చూసింది. నిన్న సాయంత్రం తను మెథనాల్‌ని గ్లాస్‌లో పోసి చూసింది, వడకట్టి చూసింది, ఆరబెట్టి చూసింది. నీళ్ళు మాత్రం కలపలేదు. కూలింగ్ ఇంజనీర్‌కి నీళ్ళు కలిపి చూడాలని తోచలేదు.

మాయ నాజిల్ విప్పింది. లోపలున్న సన్నటి జల్లెడలో పచ్చటి మైనం లాంటి ముద్ద. వేలితో తీసి వాసన చూసి, ఏమనుకుందో నాలుక చివర ఆనించబోయింది.

"అమ్మాయ్!" అని నళిని గట్టిగా కసిరింది. మాయ చెయ్యి దించేసింది. "సారీ ఆంటీ."

ఇక మిగిలింది కంప్రెషన్ టెస్ట్. రోటరీలో ఏ పట్టీ ఎలా ఉందో విప్పకుండా తెలుసుకోవడానికి ఉన్న దారి అదొక్కటే. స్పార్క్ ప్లగ్ తీసి దాని చోట గేజ్ బిగించి ఇంజిన్‌ని ఉత్తినే తిప్పితే, సమోసా మూడు ముఖాలూ ఒకదాని తర్వాత ఒకటి గాలిని నొక్కుతాయి, మూడు అంకెలొస్తాయి. రెండు సమోసాలకి ఆరు అంకెలు. జనవరిలో కొత్త ఇంజిన్ వేసినప్పుడు ఆరూ నూట పది దగ్గరున్నాయి. ఎనభై ఐదు కంటే తగ్గితే పోయినట్టే.

పన్నెండున్నర కార్‌వాళ్ళు వచ్చారు. మాయ వాళ్ళని కాఫీ తాగి రమ్మని పంపించేసింది.

ముందు రోటర్. పఫ్, పఫ్, పఫ్. నూట తొమ్మిది, నూట ఎనిమిది, నూట పది. రచన ఊపిరి వదిలింది గానీ తొందరపడింది, వెనక రోటరే ఎప్పుడూ వేడెక్కేది. మాయ గేజ్ మార్చింది. పఫ్, పఫ్, పుఫ్. చెవికే తెలిసిపోయింది, మూడోది కొంచెం మెత్తగా ఉంది. నళిని కూడా విన్నది, ఎందుకంటే రచన వైపు తిరిగింది.

"వన్ ఓ సెవెన్. వన్ ఓ ఎయిట్," అంది మాయ. "నైంటీ త్రీ."

పక్క షాప్‌లో ఎవరో నట్లు బిగిస్తున్నారు.

"మళ్ళా చేద్దామా?"

మళ్ళీ చేశారు. తొంభై మూడు.

"డెడ్ కాదు," అంది మాయ. "సీల్ బ్రేక్ కాలేదు, కొంచెం బెండ్ అయింది, ఆర్ చిప్ అయింది. స్టార్ట్ అవుతుంది, రోడ్ మీద వెళ్తుంది. బట్ నేను దీంట్లో ఫోర్ హండ్రెడ్ చెయ్యను. త్రీ హండ్రెడ్ కూడా చెయ్యను. లో బూస్ట్‌లో లాక్ చేస్తా, ఇంకొకరి దగ్గరకి వెళ్ళి ఓపెన్ చేయించుకోవద్దు. ప్రామిస్?"

"చెయ్యి."

మాయ లాప్‌టాప్ మీద ఏదో మార్చింది, నాలుగు నొక్కులు, నాలుగు వీకెండ్లు అయిపోయాయి. రచన ట్యాంక్ ఖాళీ చేసి, గొట్టాల్లో నీళ్ళు కలపని మెథనాల్ ఆడించి కడిగింది. అది నళిని చెప్పిన పద్ధతే, నీళ్ళతో కడిగితే ఇంకా పేరుకుంటుంది అంది, ఈసారి రచన ఎందుకని కూడా అడగలేదు. పని చేస్తుండగా శ్రీరామ్ ఫోన్ చేశాడు. చేతులకి గ్లవ్స్, స్పీకర్‌లో పెట్టింది.

"అయిపోయిందా? ఎంతొచ్చింది?"

"మూడు వందల ఎనభై ఐదు దాకా పోయింది. మధ్యల ఆపేసిన."

"ఎందుకు?"

రచన చేతిలో ఉన్న గొట్టం వైపు చూసింది. ఇంజిన్ స్టార్ట్ అవుతుంది, ఇంటికి వస్తుంది, తను చెప్పకపోతే శ్రీరామ్‌కి ఈ జన్మలో తెలియదు. "నాజిల్ జామ్ అయింది. నాక్ వచ్చింది. వెనక రోటర్‌ల ఒక మూల దెబ్బతిన్నది."

అవతల ఆద్య ఏదో అంటోంది, ఈతకొలను చప్పుడు. శ్రీరామ్ "అంటే పోయినట్టా, పోనట్టా?" అన్నాడు.

"ఒరేయ్ శ్రీరామూ," అని నళిని ఫోన్ దగ్గరికి వంగింది, "దాన్నేం అనకు. ఆ మందు కలిపింది నేను. నాదే తప్పు."

"కాదు," అంది రచన. "ఫ్లో తగ్గుతున్నదని మాయ చెప్పింది. నాకు కనపడింది. ఫెయిల్‌సేఫ్ దించింది గూడ నేనే. తొక్కింది నేను." గొట్టాన్ని పక్కన పెట్టింది. "పోలేదు శ్రీరామ్. పోయినట్టు చెప్పాల్సొస్తే చెప్తుంటి. తొంభై మూడున్నది. ఎనభై ఐదు దాకా బతికున్నట్టే లెక్క. ఆ లెక్క నేను పెట్టింది కాదు, పుస్తకంల ఉన్నదే."

"సరే," అన్నాడు శ్రీరామ్, ఉల్లిపాయలు తరిగిన రోజు అన్నట్టే. "ఎనభై ఐదు కిందకి వెళ్తే చెప్పు."

"చెప్త."

మాయ డబ్బులు సగమే తీసుకుంటానంది, నళిని ఒప్పుకోలేదు, ఇద్దరూ కాసేపు కార్డ్ మెషీన్ దగ్గర ఇటూ అటూ తోసుకున్నారు. మాయ ఓడిపోయింది. మిగిలిన పచ్చ మెథనాల్‌ని షాప్‌లో పాత సాల్వెంట్లు పడేసే డ్రమ్‌లో పోయించింది.

ఇంటికి వచ్చేటప్పుడు రూట్ 28 మీద ట్రాఫిక్ పెద్దగా లేదు. రచన కుడివైపు లేన్‌లోనే ఉంది, ముందు గడ్డి కోసే మెషీన్లు వేసుకున్న ట్రక్ ఒకటి నలభై ఐదు మైళ్ళలో పోతోంది. టర్బో గేజ్ ముల్లు సున్నాకి కిందే ఉంది. ఇంజిన్ మామూలుగానే తిరుగుతోంది, తెలియనివాళ్ళకి ఏమీ తేడా తెలియదు. రచనకి తెలుస్తోంది, ప్రతి మూడో ఊపిరి కాస్త మెత్తగా పడుతోంది. లేదా అలా అనిపిస్తోంది.

"ఇలా నడిపితే ఎన్నాళ్ళుంటుంది?" అంది నళిని.

"ఇట్లనే నడిపితే చాలా ఏండ్లు."

"గట్టిగా తొక్కితే?"

"ఒక్క వారం. ఒక్కరోజు గూడ కావొచ్చు."

ఎడమవైపు లేన్‌లో తెల్లటి కార్ ఒకటి వాళ్ళ పక్కకి వచ్చి, ఎర్ర ఆర్ఎక్స్-7ని చూసి, ఇంజిన్ రెండుసార్లు రేజ్ చేసింది. లోపలున్న కుర్రాళ్ళు కిటికీ దించి చెయ్యి ఊపుతున్నారు. రచన వాళ్ళ వైపు చూసింది. ముందున్న ట్రక్ వైపు చూసింది. నళిని సీట్ బెల్ట్‌ని రెండు చేతులతో పట్టుకుని కోడలి కాలివైపే చూస్తోంది.

తెల్ల కార్ ఇంకోసారి రేజ్ చేసి వెళ్ళిపోయింది. ట్రక్ మీద గడ్డి పరకలు ఎగిరి విండ్‌షీల్డ్ మీద పడుతున్నాయి. రచన వైపర్లు వేసింది.